పోరస్ విలుకాళ్లను ఓడించింది బురదేనా?

విల్లంబు:
క్రీ.పూ. 326లో జీలం ఒడ్డున అలెగ్జాండర్ చేతిలో పోరస్ (మన పురుషోత్తముడు) ఓడిపోయాడు. ఈ మాట ఎప్పుడొచ్చినా, "రాత్రి వాన పడి నేల బురదైంది, మనవాళ్ల పెద్ద విల్లు నేలకు ఆనించి లాగాలి కాబట్టి జారిపోయింది, లేకుంటే గెలిచేవాళ్లమే" అంటారు. కర్టియస్ అనే రోమన్ రాసిన మాట అది. నాకైతే ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది. మీరేమంటారు?

కొండవాగు:
అంత తేలిగ్గా కొట్టిపారేయకండి. అలెగ్జాండర్‌తో వచ్చిన నియార్కస్ చెప్పినదాన్ని బట్టి ఆరియన్ అనే గ్రీకు చరిత్రకారుడు ఆ విల్లును వర్ణించాడు. మనిషంత పొడవు. కింది కొస నేలకు ఆనించి, ఎడమ కాలితో అదిమి, నారిని బాగా వెనక్కి లాగి వదిలేవారు. బాణం మూడు మూరలకు కాస్త తక్కువ. డాలు గానీ కవచం గానీ దాన్ని ఆపలేవన్నాడు. కాలు నిలవని చోట అలాంటి విల్లుతో ఏం చేస్తారు? పోరస్ కొడుకు తెచ్చిన రథాలూ బురదలో దిగబడ్డాయి కదా.

విల్లంబు:
దిగబడ్డాయి, నిజమే. కానీ అది నది దాటిన వెంటనే జరిగిన చిన్న పోరు. అసలు యుద్ధం గురించి అదే ఆరియన్ ఏమన్నాడో చూడండి. బురద లేకుండా, ఇసుకతో చదునుగా, గట్టిగా ఉన్న చోటు చూసి మరీ పోరస్ సైన్యాన్ని నిలబెట్టాడట! విల్లుకు ఆరియన్‌ను, నేలకు కర్టియస్‌ను నమ్ముతామంటే ఎలాగండీ? ఇద్దరూ యుద్ధం జరిగిన మూడు వందల ఏళ్లు దాటాక రాసినవాళ్లే.

తాటాకు:
మధ్యలో దూరుతున్నాను, ఏమనుకోకండి. మనకు ఆ ఒక్క విల్లే ఉన్నట్టు మాట్లాడుతున్నారు ఇద్దరూ. అర్థశాస్త్రం తాటి, వెదురు, కర్ర, కొమ్ము అని నాలుగు రకాల విళ్లు చెబుతుంది. నారికి జిల్లేడు, జనుము, జంతువుల నరం లాంటివి. అది తర్వాతి పుస్తకమే అనుకోండి, అయినా అన్నీ కాలితో అదిమి లాగేవేనని ఎందుకనుకోవాలి?

కొండవాగు:
మంచి పాయింటే. సరే, నేల సంగతి వదిలేద్దాం. మరి కవచాన్ని చీల్చే విల్లు ఆ రోజు ఎందుకు పనికిరాలేదు?

విల్లంబు:
గుర్రాల వల్ల. అలెగ్జాండర్ ముందుగా వెయ్యిమంది గుర్రపు విలుకాళ్లను పోరస్ ఎడమ పక్కకు పంపాడు. పరిగెత్తే గుర్రం మీంచే బాణాలు వేసే రకం వాళ్లు. ఆ పక్క కలవరపడగానే తన రౌతులతో విరుచుకుపడ్డాడు. గుర్రాలు తరుముకొస్తుంటే విల్లు నేలకు ఆనించి, కాలు మోపి, గురిచూసే తీరిక ఎవరికుంటుంది? ఇంకో సంగతి. బురద గురించి చెప్పిన చోటే కర్టియస్, విలుకాళ్లు బాణం వదిలేలోపే శత్రువు వేగంగా మీదపడ్డాడని కూడా అన్నాడు. మనం మాత్రం బురదనే గుర్తుపెట్టుకున్నాం.

కొండవాగు:
అంటే విల్లుది తప్పు లేదంటారు. అలాగైతే ఒప్పుకుంటా. ఎందుకంటే ఆ తర్వాత కొన్ని నెలలకే మల్లులు అనే తెగవాళ్ల కోటలోకి దూకిన అలెగ్జాండర్‌కు బాణం కవచంలోంచి దూసుకెళ్లి రొమ్ములో దిగింది. సైన్యంలో చనిపోయాడనే వదంతి కూడా పుట్టింది.

విల్లంబు:
అక్కడ అతని పక్కన గుర్రపు దళం లేదు, గమనించారా? గోడ దిగింది పట్టుమని పదిమంది కూడా కారు.