ప్రాణానికి ధర కట్టొచ్చునా?

బల్లార్షా బిడ్డ:
మా గల్లీల ఒకాయన బొగ్గు లారీ కింద పడి సచ్చిపోయిండు. వకీలు సాబ్ తెల్లకాగితం మీద పరిహారం లెక్క గీసి సూపెట్టిండు. వయసు 28, నెలకు 15 వేలు, ఇంట్ల భార్య, ఇద్దరు పిల్లలు. ముందుముందు పెరిగే సంపాదనకని 40 శాతం కలిపి, ఆయన సొంత ఖర్చు కింద మూడో వంతు తీసేసి, మిగిలిందాన్ని ఏడాదికి లెక్కగట్టి, ఆ వయసుకు పెట్టిన 17తోని గుణిస్తే 28 లక్షల 56 వేలు. సుప్రీంకోర్టు 2009ల, 2017ల ఖాయం చేసిన పద్ధతేనట. జీతం రెండింతలుంటే ప్రాణం గూడ రెండింతలా? ఆర్థికశాస్త్రం చెప్పేది గిదేనా?

సిరొంచ మాస్టర్:
తమ్మీ, అది పోయినంక ఇచ్చే పరిహారం. ఆర్థికవేత్తలది పోకముందు లెక్క. 1968లో థామస్ షెల్లింగ్ అనే అమెరికా ఆర్థికవేత్త ఈ తేడానే విడమర్చిండు. ఏటా 10,000 మందిల ఒకరు చచ్చే పని ఉందనుకో. ఆ ప్రమాదానికి ఒక్కొక్కరు ఏడాదికి 600 ఎక్కువ కూలి అడిగితే పదివేల మందికి మొత్తం 60 లక్షలు. ఒక్క ప్రాణానికి కట్టే అంకె అదే. పోయే ఆ ఒక్కరెవరో ఎవలకూ తెల్వదు. ఈ అంకె లేకుంటే రోడ్డు మలుపు కాడ రెయిలింగు ఖర్చొక్కటే కాగితం మీద కనపడుతది, బతికేటోళ్లు కనపడరు. అమెరికా రవాణా శాఖ 2023కు ఒక ప్రాణానికి కోటీ 32 లక్షల డాలర్లు పెట్టుకుంది. ఉన్నోనికీ లేనోనికీ అదే అంకె.

రాజురా ఆడబిడ్డ:
2001ల ఒక పరిహారం కేసుల సుప్రీంకోర్టు గృహిణుల పనికి నెలకు 3 వేలు కట్టింది. నాలుగ్గొట్టంగ లేసి పొయ్యి ముట్టిచ్చిన మా అమ్మ పనికి ఏ సంతల ధర దొరుకుతది?

బల్లార్షా బిడ్డ:
సారూ, అందరికీ ఒకటే అంకె అంటే ఒప్పుకుంట. కానీ ఆ 600 ఎట్ల పుట్టిందో సూడుండ్రి. మా బాపు గనిల దిగేటోడు. పైకప్పును కర్రతోని కొట్టి, బోలు సప్పుడస్తే పక్కకు జరిగేది. ప్రమాదం ఎంతో ఆయనకు తెల్సు. పైన పనిస్తమంటే వద్దన్నడు, అండర్‌గ్రౌండ్ అలవెన్సు పోతదని. ఆ యేడే అక్క పెండ్లి కుదిరింది. ఆయన ఒప్పుకున్న కూలికెల్లి ప్రాణం ధర తీస్తే, మీకు దొరికేది అక్క పెండ్లికి తక్కువ పడ్డ పైసలే.