గుండెపోటు వస్తే ముందు ఏరియా ఆసుపత్రికా, నేరుగా విశాఖకా?

ప్రశ్న (అడిగినవారు: మెట్టపొలం)

అందరికీ నమస్కారం. గత నెలలో మా నాన్నగారికి గుండెపోటు వచ్చింది. ఆయన వయసు 61, నలభై ఏళ్లుగా చుట్ట అలవాటు, షుగరు కూడా ఉంది. మా ఊరికి 6 కిలోమీటర్లలో ప్రభుత్వ ఏరియా ఆసుపత్రి ఉంది, విశాఖపట్నం 80 కిలోమీటర్లు. తెల్లవారుజామున 4.30కి ఛాతీ మీద బరువు పెట్టినట్లు మొదలైన నొప్పి దవడ దాకా పాకి, ఒళ్లంతా చెమటలు పట్టాయి. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు గ్యాస్ అని చెప్పి తుంటికి ఇంజెక్షన్ చేసి, తగ్గుతుందేమో చూడమన్నారు. అలా గంటన్నర పోయింది. 6.20కి ఏరియా ఆసుపత్రికి చేరితే డ్యూటీ డాక్టరు గారు వెంటనే ఈసీజీ తీయించి, 6.50కి గడ్డ కరిగించే టెనెక్టిప్లేస్ ఇంజెక్షన్ ఇచ్చి, నొప్పి తగ్గాక 108లో విశాఖ పంపించారు. మరునాడు యాంజియోగ్రామ్ చేసి ఒక స్టెంట్ వేశారు. ఇప్పుడు కోలుకుంటున్నారు.

మా బావగారు మాత్రం, చిన్న ఆసుపత్రిలో ఆగడమే పొరపాటని, ఇకమీదట ఏం జరిగినా నేరుగా విశాఖ తీసుకెళ్లాలని పట్టుబడుతున్నారు. ఆయన మాట నిజమేనా? అప్పట్లో తుంటి దగ్గర అరచేయంత నల్లగా కమిలి వాచింది, కారణమేమిటి? మరొక సంగతి: నాన్నగారు నాలుగు బారలు నడవగానే కుడి పిక్క పట్టేస్తోందని, నిలబడితే తగ్గుతోందని అంటున్నారు. బొటనవేలి పక్కన చిన్న పుండు కూడా ఉంది. దీన్ని ఏరియా ఆసుపత్రిలో చూపించవచ్చా?

జవాబు 1 (విశ్రాంత ఫిజీషియన్)

నేను ఇరవై ఏళ్లకు పైగా ఏరియా ఆసుపత్రుల్లోనే పనిచేశాను. మీ నాన్నగారికి జరిగిన వైద్యం సరైనదని నిస్సందేహంగా చెప్పగలను.

గుండెపోటులో గుండె కండరానికి రక్తం తెచ్చే ధమని గడ్డతో మూసుకుపోతుంది, అది తెరుచుకునే దాకా కండరం నిమిషనిమిషానికీ చనిపోతూనే ఉంటుంది. క్యాథ్ ల్యాబ్‌లో, అంటే రక్తనాళంలోకి సన్నని గొట్టం పంపి గుండెకు చికిత్స చేసే గదిలో, బెలూన్‌తో తెరవడం ఉత్తమమన్న మాటలో తేడా లేదు. అయితే ఈసీజీలో గుండెపోటు ఖరారైన 120 నిమిషాల్లోగా అది జరగగలిగితేనే ఆ మాట నిలుస్తుంది. 80 కిలోమీటర్ల ప్రయాణం, అక్కడ చేరిక, కాగితాలు, క్యాథ్ ల్యాబ్ సిబ్బంది సిద్ధం కావడం అన్నీ కలిపి లెక్క వేయండి. ఆ గడువు దాటుతుందని తెలిసినప్పుడు ఉన్నచోటనే గడ్డ కరిగించే మందు ఇచ్చి, తరువాత 24 గంటల్లోగా యాంజియోగ్రామ్‌కు పంపడమే శాస్త్రం చెప్పిన దారి. ఈ మందు 12 గంటల లోపు ఇవ్వవచ్చు గానీ, అసలైన మేలు మొదటి మూడు గంటల్లోనే. మీ నాన్నగారికి నొప్పి మొదలైన 2 గంటల 20 నిమిషాలకు అందింది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో స్ట్రెప్టోకైనేజ్‌ను గంటసేపు సెలైన్‌లో ఎక్కించేవాళ్లం, మధ్యలో బీపీ పడిపోతే ఆపి మళ్లీ మొదలుపెట్టేవాళ్లం. టెనెక్టిప్లేస్ బరువును బట్టి ఒకే మోతాదుగా క్షణాల్లో నరానికి ఇచ్చేస్తారు కనుక, చిన్న ఆసుపత్రికి అంతకంటే అనువైనది లేదు. దానికీ ప్రమాదం ఉంది. దాదాపు వంద మందిలో ఒకరికి మెదడులో రక్తస్రావం జరగవచ్చు. అందుకే ఇటీవల పక్షవాతం వచ్చినవారికి, గతంలో మెదడులో రక్తస్రావమైనవారికి, లోపల రక్తం పోతున్నవారికి ఇవ్వరు. అలాంటివారిని, మందు ఇచ్చిన 60 నుంచి 90 నిమిషాలకు కూడా ఈసీజీలో గుండెపోటును చూపిన మార్పు సగానికి తగ్గనివారిని ఎంత దూరమైనా తక్షణం పంపాలి. ఆ రెండు సందర్భాల్లో మీ బావగారి మాటే సరి.

తుంటి కమలడానికి కారణం ఊళ్లో కండకు చేసిన ఇంజెక్షనే. గడ్డ కరిగించే మందు గుండెలో గడ్డనే కాదు, సూది గుచ్చిన చోట రక్తాన్ని ఆపిన గడ్డను కూడా కరిగిస్తుంది. ఛాతీనొప్పి మనిషికి కండకు సూది వేయవద్దని చెప్పడం అందుకే. పోయిన గంటన్నర అంతకంటే పెద్ద నష్టం.

జవాబు 2 (స్టాఫ్ నర్సు, కార్డియాక్ ఐసీయూ)

డాక్టరు గారు చెప్పినదానికి రెండు మాటలు చేరుస్తాను. బయటి ఆసుపత్రుల నుంచి వచ్చేవారి చేతిలో చాలాసార్లు రిఫరల్ చీటీ ఒక్కటే ఉంటుంది. మాకు కావలసింది మొదటి ఈసీజీ కాగితం, ఇంజెక్షన్ ఇచ్చిన సమయం, దాని మోతాదు, రక్తం పలచబరిచే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాత్రలు ఎన్ని మిల్లీగ్రాములు మింగించారన్న వివరం. ఈ నాలుగూ లేకపోతే మళ్లీ మొదటినుంచి కనుక్కోవాల్సి వస్తుంది. ఆ ఈసీజీని ఇప్పుడే ఫోటో తీసి ఇంట్లో అందరి ఫోన్లలో ఉంచండి. రేపు మరోసారి నొప్పి వస్తే కొత్త మార్పు ఏదో పోల్చి చూడటానికి పాత ఈసీజీకి మించిన సాక్ష్యం ఉండదు.

స్టెంట్ వేసినవారికి ఇచ్చిన రెండు రక్తం పలచబరిచే మాత్రలను, సాధారణంగా ఏడాది వరకు, గుండె డాక్టరును అడగకుండా ఆపకూడదు. పన్ను పీకించుకోవడానికని ఎవరో ఆపమంటే ఆపేసి, స్టెంట్‌లో గడ్డ కట్టి మళ్లీ మా దగ్గరికే వచ్చినవారిని నా కళ్లతో చూశాను. ఆ బాధ ఇప్పటికీ మరచిపోలేను.

జవాబు 3 (శ్రీకాకుళం జిల్లా నుంచి)

మీ మూడో ప్రశ్న గురించి రాస్తున్నాను. దయచేసి దాన్ని చివరి విషయంగా చూడకండి. మా అమ్మగారు అడ్డచుట్ట తాగేవారు, అంటే చుట్ట నిప్పు ఉన్న కొసను నోటి లోపల పెట్టుకుని. అడ్డపొగ వల్ల అంగిలికి క్యాన్సర్ వస్తుందని మా ప్రాంతంలో అందరికీ తెలుసు గానీ, కాళ్ల రక్తనాళాలు పూడిపోతాయని మాకు ఎవరూ చెప్పలేదు. పిక్కలు పట్టేస్తుంటే వయసు నొప్పులనుకున్నాం. కాలివేలి పుండుకు నాలుగు నెలలు ఆయింట్‌మెంట్ రాశాం, వేడినీళ్ల కాపడం కూడా పెట్టాం. రక్తం సరిగా అందని కాలికి కాపడం పెడితే చర్మం కాలి పుండు పెరుగుతుందని తరువాత తెలిసింది. రాత్రిళ్లు మంచం మీంచి కాలు కిందికి వేలాడేస్తే తప్ప నిద్రపట్టని స్థితి వచ్చాక పెద్దాసుపత్రికి వెళ్లాం. అప్పటికి రెండు వేళ్లు తీసేయక తప్పలేదు.

ఏరియా ఆసుపత్రిలో రక్తనాళాల సర్జన్ లేకపోయినా, పాదం మీద, చీలమండ లోపలివైపు నాడి అందుతోందో లేదో వేళ్లతో చూసేంత పని ఏ డాక్టరైనా చేయగలరు. చేతి బీపీని, చీలమండ బీపీని రక్తప్రవాహాన్ని చప్పుడుగా వినిపించే చిన్న డాప్లర్ పరికరంతో పోల్చే పరీక్ష ఉంది. చీలమండ బీపీని చేతి బీపీతో భాగిస్తే వచ్చే నిష్పత్తి 0.9 కంటే తక్కువైతే కాలి ధమనులు పూడినట్లే. షుగరు ఉన్నవారిలో ధమనులు గట్టిపడి ఈ లెక్క ఒక్కోసారి తప్పుగా ఎక్కువ చూపుతుంది కనుక, అంకె బాగుందని పుండును వదిలేయకండి. కాలు ఉన్నట్టుండి చల్లబడి, పాలిపోయి, తిమ్మిరెక్కితే మాత్రం గంటల్లోనే కాలు పోయే ప్రమాదం, ఆ రోజు 108కి ఫోన్ చేయడమే.

ప్రశ్న అడిగినవారి మాట

ముగ్గురికీ కృతజ్ఞతలు. జవాబు 1ని బావగారికి చదివి వినిపించాను. గంటన్నర లెక్క దగ్గర ఆయన చాలాసేపు మాట్లాడలేదు. కాపడం మేమూ పెడుతున్నాం, నిన్నటితో ఆపేశాం. నాన్నగారు చుట్టల కట్ట అమ్మ చేతికి ఇచ్చేశారు. రేపు ఉదయం ఓపీకి తీసుకెళ్తున్నాను, ముందు రెండు పాదాల్లో నాడి చూడమని అడుగుతాను.