వడికిన నూలుతో అల్లిన టోపీ పక్కకు తిరిగిపోతోంది, ఏం చేయాలి?

రాట్నం_కొత్త:
అందరికీ నమస్కారం. పెట్టె రాట్నం మీద పత్తి నూలు వడకడం కాస్త చేయి తిరిగింది. ఆ ఒంటి పేట నూలుతోనే మా మేనకోడలి బిడ్డకి టోపీ అల్లాను. 10 నంబరు గుండ్రటి సూది, అంతా ప్లెయిన్ (సాదా కుట్టు). నుదుటి మీద మొదలైన నిలువు వరస నడినెత్తికి చేరేసరికి చెవి వైపు పోతోంది. ఇస్త్రీ చేస్తే నిలబడుతుంది, ఉతికితే మళ్లీ అంతే. లోపం నా చేతిలోనా, నూలులోనా?

పొందూరు_కోడలు:
పురిలో ఉందమ్మా. ఒంటి పేట దారానికి ఎక్కించిన పురి విప్పుకోవాలనే యావ. మగ్గం మీద పడుగూ పేకా ఒకదాన్నొకటి బిగబట్టుకుంటాయి కాబట్టి బట్టలో తెలీదు. అల్లికలో కుట్టు వదులు, అన్ని కుట్లూ ఒకే వైపు ఒరుగుతాయి.

రెండు కదుళ్ల నూలు కలిపి, చక్రం వెనక్కి తిప్పుతూ పేట వెయ్యి. ఓ మూర దారం తడిపి, రెండు కొసలూ కలిపి పట్టుకుని వేలాడదియ్యి. మెలిపడకుండా ఉంటే పురి సరిపోయినట్టే. తర్వాత చిలప (నూలు చుట్ట) చుట్టి, నాలుగు చోట్ల వదులుగా కట్టి, సబ్బునీళ్లలో గంటసేపు ఉడికించు. నీళ్లు పసుపుపచ్చగా మారితే కంగారు పడకు, పత్తిలో ఉన్న మైనమూ మురికీ అది.

మా పొందూరు సన్న నూలు కావాలని మాత్రం వెంటపడకు. వాలుగ చేప దవడతో పత్తి ఏకి, 100 కౌంటు (కౌంటు పెరిగితే నూలు సన్నం) దాకా తీసే నూలు అది. చీరకి వైభోగం, సూదులకి ఎన్ని పేటలేసినా చాలదు. నీ లావు నూలే మేలు.

సిద్దిపేట_పోరి:
అక్కా, దక్కనీ గొర్రె నల్ల ఉన్ని కూడా వడకొచ్చు. మా దిక్కు కురుమోళ్లు గొంగళ్లు నేసేది దానితోనే. మస్తు గరుకుంటది, పసిపిల్ల నెత్తికి అస్సలు పెట్టకు. కుర్చీ మీద పట్టాకైతే మంచిగుంటది. దాన్ని పత్తి లెక్క ఉడకబెట్టకు, ముద్దయితది. గోరువెచ్చని నీళ్లల్ల నానబెట్టి, పిండకుండ ఆరెయ్యి.

రాట్నం_కొత్త:
థాంక్స్ అక్కా! పిన్నిగారూ, ఈ టోపీ విప్పి పేట వేయొచ్చా?

పొందూరు_కోడలు:
వేయొచ్చు. విప్పాక చిలప చుట్టి తడిపి, వంకరలు పోయేదాకా బరువు కట్టి ఆరబెట్టు. రెండు పేటలయ్యాక దారం లావవుతుంది, 8 నంబరు సూది (నంబరు తగ్గితే సూది లావు) తీసుకో, కుట్లు తగ్గించు. అంచుకి మాత్రం రెండు ప్లెయిన్, రెండు పర్ల్ (తిరగేసిన కుట్టు) వెయ్యి. పత్తికి సాగి మళ్లీ బిగిసే గుణం తక్కువ, ఉత్త ప్లెయిన్ అంచు పసిదాని కళ్ల మీదికి జారుతుంది.