సింగపూర్‌లో ఫ్రెండ్స్‌తో బయట తింటే బిల్లు సమానంగా పంచాలా, ఎవరు తిన్నది వాళ్ళే కట్టాలా?

పుంగోల్_పప్పుచారు:
మా ఫ్రెండ్ ఒకతను సింగపూర్ వదిలి హైదరాబాద్ వెళ్ళిపోతున్నాడు. పోయిన శనివారం అతనికి సెండాఫ్ అని ఆరుగురం కలిసి ఈస్ట్ కోస్ట్ వైపు ఒక సీఫుడ్ రెస్టారెంట్‌కి వెళ్ళాం. సముద్రం పక్కన టేబుల్, చల్లగాలి, పాత రూమ్ కబుర్లు. అంతగా నవ్వుకుని చాలా రోజులైంది. గొడవంతా బిల్లు దగ్గరే.

నేను శాకాహారిని, మందు అలవాటు లేదు. మెనూలో తూటికూర కనిపిస్తే మన చెరువుగట్టు కూరే కదా అని ఆశపడ్డాను. ఇక్కడ దాన్ని సంబల్ వేసి వేయిస్తారు, అందులో పులియబెట్టిన రొయ్యల ముద్ద ఉంటుంది. అదీ పోయింది. చివరికి నాకు దక్కింది తెల్లన్నం, టోఫు, కాసిన్ని పుట్టగొడుగులు. ముప్పై డాలర్లు. మిగతావాళ్ళు రెండు చిల్లీ క్రాబులు, రొయ్యలు, ఒక చేప, బీర్లు చెప్పారు. మొత్తం 480. దాని మీద 'ప్లస్ ప్లస్', అంటే 10 శాతం సర్వీస్ చార్జ్, ఆ మొత్తం మీద మళ్ళీ 9 శాతం జీఎస్టీ. అన్నీ కలిపి 575 డాలర్ల 52 సెంట్లు. కార్డు గీకిన అన్న ఫోన్‌లో ఆరుతో భాగించి, "తలా 96, పేనౌ చేసేయండి" అన్నాడు (ఫోన్ నుంచి డబ్బు పంపడమే, మన యూపీఐ లాంటిది). చేసేశాను. పన్నులన్నీ కలిపినా నేను తిన్నది 36 డాలర్లే.

నోరు విప్పితే పిసినారి అంటారు, విప్పకపోతే ప్రతిసారీ ఇదే కథ. మీ బ్యాచ్‌లలో ఎలా చేస్తారు?

గుంటూరు_బెడోక్:
తమ్ముడూ, సెండాఫ్ అన్నావు, సముద్రం అన్నావు, కడుపుబ్బ నవ్వుకున్నాం అన్నావు. ఆ వెంటనే 52 సెంట్లు అన్నావు! ఊళ్ళో ఉన్నప్పుడు ఇరానీ హోటల్లో నాలుగు చాయ్‌లకి బిల్లు నేను కడతానంటే నేను కడతానని చొక్కాలు పట్టుకుని లాక్కునేవాళ్ళం. ఇక్కడికొచ్చి నాలుగు డాలర్లు కళ్ళజూడగానే కాలిక్యులేటర్లు బయటికొచ్చాయి. ఈ రోజు నీకు ఎక్కువ పడుతుంది, రేపు నాకు పడుతుంది. ఏడాది మొత్తం చూస్తే సరిపోతుంది.

ఓరుగల్లు_పిల్ల:
"ఏడాది మొత్తం చూస్తే సరిపోతుంది" అన్నది పీతలు తినేవాళ్ళ లెక్క అన్నా. శాకాహారి ప్లేటు ప్రతిసారీ చవగ్గానే ఉంటుంది. ఇక ఏ నెలలో సరిపోతుంది? మీరు ఒకసారి శాకాహార హోటల్ కోమల విలాస్‌కి వెళ్ళి నాలుగు దోశలు ఎక్కువ తిని అతనికి బాకీ తీరుస్తారా?

చాయ్ సంగతి కూడా చూడండి. అందరూ తాగింది ఒకటే చాయ్, ధర ఒకటే. అక్కడ ఎవరు కట్టినా చెల్లుతుంది. పీత అలా కాదు, తూకం వేసి అమ్ముతారు. మెనూలో ధర కూడా వేయరు, 'సీజనల్ ప్రైస్' అని ఉంటుంది. పేరున్న చోట కిలో వంద డాలర్ల పైమాటే. శ్రీలంక నుంచి వచ్చే పెద్ద పీత ఒక్కటే కిలోకి మించి తూగుతుంది. దాన్ని ఎవరైనా సరదాగా "రెండు చెప్పేయండి" అంటే, ఆ సరదాకి తినని వాళ్ళ జేబులు కూడా ఖాళీ అవుతాయి.

సెరంగూన్_లెక్కల_మాస్టారు:
ఈ గొడవ మీద నిజంగానే ఒక ప్రయోగం జరిగింది. ఇజ్రాయెల్‌లో ముగ్గురు ఆర్థికవేత్తలు చేశారు, 2004లో ఎకనమిక్ జర్నల్‌లో వచ్చింది. ఆరుగురు చొప్పున రెస్టారెంట్‌లో కూర్చోబెట్టి, ఏ బల్లకి ఆ బల్లకి బిల్లు పద్ధతి ముందే వేరుగా చెప్పారు. ఎవరిది వాళ్ళే కట్టాలన్నప్పుడు మనిషికి సగటున 37 షెకెల్‌ల (అక్కడి డబ్బు) తిండి చెప్పుకున్నారు. సమానంగా పంచుతామంటే అది 51కి పెరిగింది. అంతా ఫ్రీ అంటే 82. ఎందుకంటే సమానంగా పంచుతున్నప్పుడు నేను అదనంగా చెప్పిన ప్రతి డాలర్‌లో నా జేబులోంచి పోయేది ఆరో వంతే, మిగతా అయిదు వంతులు పక్కవాళ్ళవి. ఆ ఊపులో అందరూ కాస్త ఎక్కువే చెబుతారు, చివరికి ఆ బిల్లు అందరి నెత్తినా పడుతుంది. ఇంకో సంగతి, ఏ పద్ధతి కావాలని ముందుగా అడిగితే ఎక్కువమంది ఎవరిది వాళ్ళే కట్టుకుంటామన్నారు.

గుంటూరు_బెడోక్:
మాస్టారూ, నమస్కారం. ఆ ఆరుగురూ ఒకరికొకరు తెలిసినవాళ్ళా?

సెరంగూన్_లెక్కల_మాస్టారు:
కాదు. పరిచయం లేనివాళ్ళనే కూర్చోబెట్టారు.

గుంటూరు_బెడోక్:
అదే నేననేది. ముక్కూ మొహం తెలియనివాడి జేబైతే ఎవడైనా కొడతాడు. ఫ్రెండ్ పక్కన కూర్చున్నాడని తెలిస్తే చెయ్యి కాస్త వెనకాడుతుంది.

ఓరుగల్లు_పిల్ల:
శనివారం ఎవరి చెయ్యీ వెనకాడినట్టు లేదే! రెండు పీతలు వచ్చాయిగా.

మోడరేటర్:
శాకాహారం గొప్పా మాంసాహారం గొప్పా అంటూ వచ్చిన పోస్టులు తీసేశాను. దానికి వేరే థ్రెడ్ ఉంది, అక్కడికెళ్ళి కొట్టుకోండి. ఇక్కడ బిల్లు గురించే.

జురాంగ్_జీవి:
నేను ఎస్‌పాస్ మీద ఉన్నాను, అంటే మధ్యస్థాయి విదేశీ ఉద్యోగులకి ఇచ్చే వర్క్ పాస్. ఈ పాస్‌కి కనీస జీతం 2025 సెప్టెంబరు నుంచి 3,300 డాలర్లు. నాది దానికి కాస్త పైన. గది అద్దె, ఇంటికి పంపేది పోగా మిగిలేది ఎంతో మీరే ఊహించుకోండి. నా బ్యాచ్‌లో మిగతావాళ్ళు ఈపీ మీద, అంటే ఇంకా పెద్ద ఉద్యోగాలకిచ్చే పాస్ మీద ఉన్నారు, వాళ్ళకీ నాకూ జీతంలో చాలా తేడా. మంచివాళ్ళు, నాకేదైనా అయితే అర్ధరాత్రి పరిగెత్తుకొస్తారు. వాళ్ళకి తొంభై డాలర్లు అసలు లెక్కలోకి రాదు కాబట్టి నాకు వస్తుందని తట్టదు, అంతే.

ఇక్కడ అందరూ డబ్బు ఎవరికి ఎక్కువ పోయింది అని మాట్లాడుతున్నారు. నాకు తెలిసినంతలో పోయేది మనిషి. ఒకటి రెండు సార్లు సమానంగా కడతాడు. మూడోసారి పిలుపు వస్తే "కాల్ ఉంది అన్నా, మీరు కానిచ్చేయండి" అంటాడు. ఆ తర్వాత పిలవడం కూడా తగ్గుతుంది. ఎవరూ ఎవరితోనూ పోట్లాడలేదు, గ్రూపులో పుట్టినరోజుకి కేకు బొమ్మలు పెట్టుకుంటూనే ఉంటారు, టేబుల్ దగ్గర మాత్రం ఒక కుర్చీ తగ్గిపోతుంది. "రాడు, వాడికి తీరిక ఉండదు" అని పేరు పడుతుంది. నేను రెస్టారెంట్లకి వెళ్ళడం అలాగే మానేశాను.

హాకర్ సెంటర్‌కి, అంటే ఒకే చోట బోలెడు చవక తిండి స్టాళ్ళు ఉండే చోటికి, మాత్రం నేనే పిలుస్తాను. గుర్తుండిపోయిన భోజనం ఏదంటే లావ్ పా సాత్ అనే హాకర్ సెంటర్ దగ్గర సాటే (పుల్లకి గుచ్చి కాల్చిన మాంసం) తిన్న రాత్రులే చెబుతాను. 1894 నాటి ఇనుప కట్టడం, దాని పక్క వీధిని సాయంత్రం బండ్లు రాకుండా మూసేసి బల్లలు వేస్తారు. బొగ్గుల మీద పుల్లలు కాలుతుంటే పొగ వచ్చి కళ్ళలో పడుతుంది, చుట్టూ ఆకాశాన్నంటే బ్యాంకు బిల్డింగులు. ఒకడు టిష్యూ ప్యాకెట్ పెట్టి బల్ల పట్టుకుంటాడు, మిగతావాళ్ళం తలా ఒక దిక్కుకి పోతాం. నేను చికెన్ సాటే, ఒకడు చార్ క్వే తియావ్ (వేయించిన బియ్యపు నూడుల్స్), ఇంకొకడు లోపలి ఇండియన్ స్టాల్‌లో రొట్టె. ఎవరి క్యూలో వాళ్ళు, ఎవరి డబ్బు వాళ్ళు. సర్వీస్ చార్జ్ లేదు. పల్లీల సాస్ గిన్నె మధ్యలో ఉంటే అందరి పుల్లలూ అందులోనే. బిల్లు అన్న మాటే రాకుండా పదకొండు దాకా కూర్చుంటాం.

కట్టోంగ్_లక్సా_లవర్:
+1. హాకర్ సెంటర్ సంస్కృతిని 2020లో యునెస్కో జాబితాలో ఊరికే చేర్చలేదు. మనవాళ్ళు మాత్రం సెండాఫ్ అనగానే ఏసీ ఉండాలంటారు.

తంపనీస్_ఇద్దరు_పిల్లల_తల్లి:
హాకర్ సెంటర్ బాగుంటుంది, నేనూ ఒప్పుకుంటాను. మూడేళ్ళ పిల్లాణ్ణి చంకనేసుకుని, పెద్దదాని చెయ్యి పట్టుకుని, వేడి సూప్ ట్రేతో ఆ ఉక్కలో బల్ల వెతుక్కుని చూడండి, అప్పుడు మాట్లాడదాం. తిన్నాక ట్రే కూడా మనమే తీసి స్టాండ్‌లో పెట్టాలి, 2021 నుంచి అది తప్పనిసరి. మాలాంటి వాళ్ళకి రెస్టారెంటే దిక్కు.

అక్కడ నా గొడవ వేరే. సమానంగా అంటే ఎలా సమానం? తలకా, కుటుంబానికా? మేము వెళ్ళే గ్రూపులో పెళ్ళికాని అబ్బాయిలు ఉంటారు. కుటుంబానికి ఒక వాటా అంటే ఒంటరివాడికి అన్యాయం. తలకి అంటే మా పిల్లాడు తిన్న నాలుగు మెతుకులకి పెద్దమనిషి వాటా. "పిల్లలకి సగం వేద్దాం" అని ఒకాయన ఉదారంగా అంటారు. ఆ సగంతో వాడు వారం తింటాడు! పైగా పిల్లల వెనక పరిగెత్తుతూ నేను తినేది అంతంత మాత్రం. తిరిగి వచ్చేసరికి చేప ముల్లు మిగిలి ఉంటుంది.

గుంటూరు_బెడోక్:
అక్కా, పిల్లల్ని ఎవరైనా లెక్కేస్తే ఆ గ్రూపు పేరు చెప్పండి, నేనొచ్చి మాట్లాడతాను. పిల్లలకి వాటా ఏంటి అసలు, సిగ్గులేకుండా.

సరే, మీరంతా నా మీదే పడ్డారు కాబట్టి ఒకటి అడుగుతాను. ప్లేట్లు మధ్యలో పెట్టుకుని తినే తిండిని ఎలా విడదీస్తారు? ఆరుగురు కూర్చుంటే చేపలో ఎవరు ఎన్ని ముక్కలు తీసుకున్నారని రాసుకోవాలా? టేబుల్ మీద పెట్టిన వేరుశనగలకీ తడి టిష్యూలకీ కూడా వాడు బిల్లు వేస్తాడు. ఆ టిష్యూ ఎవరు వాడారు? పప్పుచారు తమ్ముడు పీత తినలేదు సరే, వేయించిన మంటౌ బన్ను తీసుకున్నాడా లేదా? నిజం చెప్పు.

పుంగోల్_పప్పుచారు:
ఒకటి తిన్నాను అన్నా. ఉత్తిదే. సాస్‌లో గుడ్డు, పీత రసం ఉంటాయి కాబట్టి ముంచలేదు.

గుంటూరు_బెడోక్:
చూశారా! మంటౌ ఎంత, ఒకటిన్నర డాలరా? రాసుకోండి మాస్టారూ.

ఓరుగల్లు_పిల్ల:
37 డాలర్ల 80 సెంట్లు అయింది. 96కి ఇంకా చాలా దూరం ఉంది అన్నా.

ఉడ్‌ల్యాండ్స్_బాబాయ్:
పిల్లలూ, కాస్త నా మాట కూడా వినండి. ఈ ఊరు వచ్చి చాలా కాలమైంది, బ్యాచ్‌లు వచ్చాయి, పోయాయి.

అసలు పది మంది కలిసి తినడానికి పుట్టిన వంటలు ఉన్నాయి ఇక్కడ. రేస్ కోర్స్ రోడ్‌లో చేప తలకాయ కూర తినే ఉంటారు. 1949లో గోమెజ్ అనే కేరళ ఆయన సింగపూర్‌లో మొదలుపెట్టిందంటారు. చీనావాళ్ళకి చేప తల ఇష్టం, మనకి చింతపండు పులుసు ఇష్టం, రెండూ కలిశాయి. ఎర్రటి పులుసులో బెండకాయలు, అనాసముక్కలు, మధ్యలో ఇంత తలకాయ, అరిటాకు మీద వేడన్నం. ఒక్కడు చెప్పుకుంటే తినలేడు. బుగ్గ దగ్గర మెత్తటి ముక్క ఉంటుందే, దాన్ని స్పూన్‌తో తీసి పక్కవాడి ఆకులో వేయడంలో ఉంది మజా. నెల్లూరు వాడు ఒకడు మా బ్యాచ్‌లో ఉండేవాడు, కన్ను కోసం గంటసేపు కాచుకుని కూర్చునేవాడు. అలాంటి తిండికి ముక్కల లెక్క వేస్తే నాకూ ఒళ్ళు మండుతుంది. గుంటూరు అబ్బాయి చెప్పేది అంతవరకు నిజం.

అయితే మందు వేరు. మందు మీద ఇక్కడి ప్రభుత్వం వేసే పన్నుకి బీరు తిండిని మించిపోతుంది. మా బ్యాచ్‌లో మందు బిల్లు మొదటినుంచీ విడిగా రాయించేవాళ్ళం, కూర్చోగానే కుర్రాడికి చెబితే వాడే రెండు బిల్లులు తెస్తాడు. లేచేటప్పుడు చెబితే విసుక్కుంటాడు. తూకం వేసి అమ్మే పీతా, లాబ్‌స్టరూ ఎవరికి కావాలంటే వాళ్ళు "ఇది మా నలుగురిదీ" అని చెప్పుకునేవాళ్ళు. మిగతాది సమానం. ఈ మాట ఎవరు అనాలీ అన్నదే అసలు చిక్కు. తినని వాడు అంటే పిసినారితనం. తినేవాడు అంటే పెద్దరికం. కాబట్టి పీత చెప్పేవాడే అనాలి.

జురాంగ్_జీవి:
బాబాయ్, ఇలా అనేవాళ్ళు ఉంటే నేనెందుకు మానేస్తాను.

గుంటూరు_బెడోక్:
మందు విడిగా అంటే ఒప్పుకుంటాను, బాబాయ్ మాట కాదనను. పీత విడిగా అంటే మాత్రం ఒప్పుకోను. టేబుల్ మీద సగంమంది చేతులు నాకుతుంటే సగంమంది చూస్తూ కూర్చోవడం ఏం సెండాఫ్? తినని వాడి వాటా తినేవాళ్ళు మౌనంగా వేసుకోవాలి, అంతే. "ఇది మా నలుగురిదీ" అని ప్రకటన చేయక్కర్లేదు.

ఓరుగల్లు_పిల్ల:
మౌనంగా వేసుకునేవాళ్ళైతే ఈ థ్రెడ్ ఎందుకొచ్చింది అన్నా? మౌనంగా ఆరుతో భాగించారు, అదే జరిగింది.

ఉడ్‌ల్యాండ్స్_బాబాయ్:
ఒక అనుమానం. పప్పుచారూ, ఆరుగురు అన్నావు, ఆరుతో భాగించారు అన్నావు. ఊరికి వెళ్ళిపోయే అబ్బాయి ఆ ఆరుగురిలోనే ఉన్నాడా?

పుంగోల్_పప్పుచారు:
ఉన్నాడు బాబాయ్. అతనూ 96 కట్టాడు.

గుంటూరు_బెడోక్:
ఏంటీ?! సెండాఫ్ ఇచ్చి వాడి దగ్గరే డబ్బులు వసూలు చేశారా? ఇంతసేపూ టోఫు, మంటౌ అంటూ నన్ను తిట్టించి అసలు సంగతి ఇప్పుడు చెబుతావా? ముందు ఆ డబ్బు అతనికి వెనక్కి పంపండి, ఇక్కడి ఖాతా మూసేయకముందే.

పుంగోల్_పప్పుచారు:
అదీ నేనే అడగాలా అన్నా? భాగించింది మీలాగే "లెక్కలేంట్రా" అనే అన్నే.