రాత్రి ఒక్కటే వంట చేస్తే పిల్లలు కూడా తినేదెట్లా?

హన్మకొండ అమ్మ:
మాకు ఇద్దరు పిల్లలు. బాబుకు ఎనిమిదేళ్లు, పాపకు నాలుగు. నేను మందుల షాపులో పని చేస్తాను. ఇల్లు చేరేసరికి ఆరున్నర దాటుతుంది. వచ్చి రెండు వంటలు చేస్తున్నాను, అదే నా బాధ. మా ఆయనకు, అత్తమ్మకు కారం లేకపోతే ముద్ద దిగదు. అత్తమ్మది పరకాల వైపు, పచ్చిపులుసులో కూడా మిరపకాయలు కాల్చి పిసికే చెయ్యి ఆమెది. పిల్లలకేమో విడిగా పెరుగన్నం, లేదంటే కోడిగుడ్డు, అదీ కాదంటే నూడుల్స్. వారంలో నాలుగు రాత్రులు ఇదే.

ఆకుకూర దాచిపెట్టి పెట్టమని ఎవరో చెప్తే పాలకూర రుబ్బి చపాతీ పిండిలో కలిపాను. మా వాడు ఒక్క చపాతీ చేతిలోకి తీసుకుని లైటు కింద పెట్టి చూశాడు. "ఇది ఏలియన్ చపాతీ, నేను తినను" అన్నాడు. అన్న అన్నాక చెల్లె తింటుందా! ఆ రోజు నుంచి తెల్ల చపాతీ పెట్టినా అనుమానంగా తిప్పి చూస్తున్నారు.

స్టార్ హోటల్ వంటలు వద్దు. గంటలోపు అయిపోవాలి, మన సరుకులతో కావాలి, ఐదుగురం పెద్దాపిల్లా ఒకే గిన్నెలోంచి తినాలి. ఎట్లా చేస్తున్నారో చెప్పండి.

జనగామ అమ్మమ్మ:
బిడ్డా, ముందు ఒకటి అడుగుతా. నువ్వు ఇల్లు చేరే లోపల పిల్లలకు ఏం పెడుతున్నారు? మా మనుమడికి ఆరు గంటలకు బిస్కెట్ ప్యాకెట్, దాని మీద కుర్‌కురే. ఎనిమిదింటికి అన్నం తినడంలేదని మా కోడలు ఏడుపు. నేను వచ్చిన నెలలో ఆ ప్యాకెట్లు మాన్పించి ఐదింటికి బొబ్బెర గుడాలో, ఒక అరటిపండో పెట్టాను. తర్వాత ఏమీ లేదు. ఎనిమిదింటికి వాడే వంటింట్లోకి వచ్చి మూత తీసి చూస్తున్నాడు. వంట మారలేదు, ఆకలి మారింది.

ఇక కారం సంగతి. మీ వరంగల్ చపాటా మిర్చి ఇంట్లో పెట్టుకున్నావా? టమాటాలా గుండ్రంగా ఉంటుందని కొందరు టమాటా మిర్చి అంటారు. 2025లో దానికి జీఐ గుర్తింపు, అంటే ఈ ప్రాంతపు ప్రత్యేక పంట అనే ముద్ర, కూడా వచ్చింది. రంగు ఎర్రగా నిండుగా ఉంటుంది, కారం మాత్రం తక్కువ. దాన్ని పట్టించి ఒక డబ్బా, మామూలు కారం ఇంకో డబ్బా పెట్టుకో. పిల్లలు తినే కూరలో చపాటా వెయ్యి. చూసేవాళ్లకు కూర కూరలాగే ఉంటుంది, పాలు పోసిన అన్నంలా వెలవెలబోదు.

పప్పు చేసే రోజు ఇంకా సులువు. కందిపప్పు, బీరకాయ, పసుపు, ఉప్పు వేసి ఉడికించు. మెత్తగా ఎనిపి పిల్లలకు రెండు గరిటెలు పక్కకు తీసి, దాని మీద నెయ్యి, జిలకర పోపు పెట్టు. మిగిలిన దాంట్లో ఎండుమిర్చి, ఎల్లిపాయ దండిగా వేసి పెద్దల పోపు. పొయ్యి ఒక్కటే, పప్పు ఒక్కటే.

దాచిపెట్టి తినిపించడం మాత్రం మానెయ్. ఒకసారి దొరికిపోతే నువ్వు పెట్టే ప్రతి ముద్దనూ వాసన చూస్తారు.

పరకాల వదిన:
మీ ఆయనకు పచ్చిమిర్చి, ఉల్లిగడ్డ పక్కన పెట్టండి. కొరుక్కుంటూ తింటాడు. నాలుగేళ్ల పాప కోసం ఆయన ఆమాత్రం సర్దుకోలేడా?

కాజీపేట నాన్న:
నాది రైల్వే డ్యూటీ. ఇంట్లో ఉన్న రాత్రి వంట నాదే, ఎందుకంటే మా ఆవిడకు మధ్యాహ్నం షిఫ్టు. మా పిల్లలకు సర్వపిండి తిరుగులేదు. మా అమ్మ గిన్నప్ప అంటుంది. ఎవరు ఏ పేరు పెట్టినా గొడవ లేకుండా తినేది అదొక్కటే.

నేను చేసేది ఇది. పిడికెడు శనగపప్పు గంట ముందు నానబెడతాను. మీరు ఆలస్యంగా వస్తారు కాబట్టి అత్తమ్మను నానబెట్టమనండి. చిన్న సోరకాయ ముక్క తురిమితే ఒక గ్లాసు వస్తుంది. అందులో ఉప్పు కలిపి ఐదు నిమిషాలు పక్కన పెడితే నీళ్లు వదులుతుంది. దాంట్లోనే రెండు గ్లాసుల బియ్యప్పిండి, నానిన పప్పు, రెండు చెంచాల నువ్వులు, దంచిన పల్లీలు, కరివేపాకు, ఉల్లిగడ్డ తరుగు. ముందే నీళ్లు పోయకండి. సోరకాయ నీళ్లకే సగం కలుస్తుంది, తక్కువైతేనే కొద్దికొద్దిగా పోయండి. చపాతీ పిండికన్నా కొంచెం మెత్తగా ఉండాలి.

అడుగు మందంగా ఉన్న లోతు పెనానికి నూనె రాసి, చల్లగా ఉన్నప్పుడే పిండి పరచాలి. ఇప్పుడు పిల్లలను పిలవండి. వేలుతో బొక్కలు పెట్టే పని వాళ్లది. ఒక్కో బొక్కలో రెండు చుక్కల నూనె మీరు పోయండి. మూతపెట్టి సన్న మంట మీద పది పన్నెండు నిమిషాలు. ఒక వైపే కాల్చాలి, తిప్పే పని లేదు. రెండోదానికి పెనం చల్లార్చుకోవాలి. నేను పెనం బోర్లించి వెనుక వైపు నీళ్లు పోస్తాను.

పిల్లల దాంట్లో కారం ఉండదు. పెద్దల పిండిలో పచ్చిమిర్చి దంచి వేస్తాను. తను బొక్కలు పెట్టిన సర్వపిండి మా చిన్నది ఎవరికీ ఇవ్వదు. దాంట్లో సోరకాయ ఉందని దానికి తెలుసు, తురిమేటప్పుడు చూసింది. అయినా తింటుంది.

అంగన్‌వాడీ అక్క:
తమ్ముడి సర్వపిండి బాగుంది గానీ ఒక మాట. పాపకు నాలుగేళ్లే కాబట్టి పల్లీలు బరకగా కాదు, మెత్తగా పొడి చేసి వెయ్యండి. చిన్నపిల్లలకు గట్టి పలుకు గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంటుంది.

కోడిగుడ్డు పెడుతున్నందుకు బాధపడకండి అక్కా. ఒక గుడ్డులో ఆరు గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది. దాన్ని ఆపకండి, దాని పక్కన ఒక చెంచా కూర పెట్టండి, అంతే. తినమని అడగొద్దు. కొత్త కూర అలవాటు కావాలంటే పిల్లలకు ఎనిమిది, పది సార్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసార్లే చూపించాల్సి వస్తుంది. మనం మూడోసారికే "వీడికి పడదు" అని పేరు పెట్టేస్తాం. ఆకుకూర తినే రోజు ముద్ద మీద నిమ్మచెక్క పిండితే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది, రుచీ వస్తుంది.

హన్మకొండ అమ్మ:
పన్నెండు రోజుల తర్వాత వచ్చాను, అందరికీ థాంక్స్.

సాయంత్రం ప్యాకెట్లు ఆగాయి. మొదటి రెండు రోజులు ఇల్లు అదిరిపోయింది, నేను షాపులో ఉండటం వల్ల ఆ ఏడుపంతా అత్తమ్మే భరించారు. సర్వపిండి మొదటిది బాగా వచ్చింది. రెండోది తొందరలో వేడి పెనం మీదే వేశాను, చెయ్యి కాలింది, పిండి ఒక పక్క ముద్దగా అతుక్కుపోయింది. మా వాడు బొక్కలు పెట్టమంటే రెండు కళ్లు, ఒక నోరు పెట్టాడు. ముందు ముక్కును, తర్వాత కళ్లను తిన్నాడు. ముక్కు ఎక్కడుందో నాకైతే కనబడలేదు.

చపాటా మిర్చి మాత్రం తిరగబడింది! ఆలుగడ్డ కూర ఎర్రగా ఉండేసరికి పాప గిన్నె చూసి "కారం, కారం" అని వెనక్కి జరిగింది. నోట్లో పెట్టుకుంటే కదా తెలిసేది. మా ఆయన మాత్రం రంగు చూసి సంతోషంగా కూర్చుని, రెండు ముద్దలయ్యాక నా మొహం చూశాడు. పరకాల వదిన చెప్పినట్టు పచ్చిమిర్చి చేతిలో పెట్టాను.

రేపు పుంటికూర (గోంగూర) పప్పు చేద్దామనుకుంటున్నాను. పులుపు పిల్లలకు పోతుందా?

జనగామ అమ్మమ్మ:
పోతుంది, కానీ కూర తక్కువ వెయ్యి. పప్పు పూర్తిగా ఉడికాకే పుంటికూర కలుపు, ముందే వేస్తే పులుపుకు పప్పు ఉడకదు. పాపకు నెయ్యి ఒక చెంచా ఎక్కువ. చపాటా డబ్బా దాచుకో. మొదట పసుపు కూరలో చిటికెడు, వారానికి ఇంకో చిటికెడు పెంచుకుంటూ పో. కాలిన చేతికి ఏం రాశావు?