చెల్లెకు 28 ఏళ్లు, రొమ్ము క్యాన్సర్ అన్నారు. ఇంకో డాక్టర్ అభిప్రాయం ఎట్లా తీసుకోవాలి?

ప్రశ్న (నల్గొండ నుంచి ఒక అక్క)

మా చెల్లెది దేవరకొండ దగ్గర పల్లె. 28 ఏళ్లు, మూడేళ్ల బాబు ఉన్నాడు. ఎడమ రొమ్ములో గడ్డ తగిలితే మొదట పాలగడ్డ అనుకున్నాం. పెరుగుతుంటే నల్గొండలో స్కానింగ్ చేయించాం. లావు సూదితో ముక్క తీసి పరీక్షకు పంపారు. ‘ఇన్వేసివ్ డక్టల్ కార్సినోమా, గ్రేడ్ 3’ అని వచ్చింది, అంటే పాల నాళాల్లో పుట్టి బయటికి పాకిన, వేగంగా పెరిగే రకం క్యాన్సరట. గడ్డ సైజు 3 సెంటీమీటర్లు. ఈ వారంలోనే రొమ్ము మొత్తం తీసేయాలని సర్జన్ అంటున్నారు. మా మరిది భయపడి సరే అన్నాడు. నాన్నేమో ఈ వయసులో క్యాన్సర్ ఏంది, రిపోర్టు తప్పయ్యుంటుంది, ఇంకోచోట చూపిద్దాం అంటున్నాడు. ఇంకో డాక్టర్ దగ్గరికి పోతే ఈయనకు కోపం వస్తుందా? ఆలోపు పాకుతుందా? హైదరాబాద్‌కు ఏమేం పట్టుకుపోవాలి? ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

జవాబు (మహబూబ్‌నగర్)

అక్కా, నాకు 32 ఏళ్లప్పుడు ఇదే జబ్బు వచ్చింది. ఇప్పుడు బాగున్నాను. ముందు మీ టెన్షన్ కొంచెం తగ్గించే మాట చెప్తాను. ముక్క పరీక్ష అయ్యాక రెండో అభిప్రాయానికి రెండు మూడు వారాలు తీసుకుంటే మామూలుగా నష్టం ఉండదు. నెలలు గడిపితేనే ప్రమాదం. చర్మం ఎర్రబడి రొమ్మంతా వాచినా, ఊపిరి ఆడకపోయినా అది వేరే సంగతి, అప్పుడు ఆగకూడదు.

డాక్టర్‌కి చెప్పి పోవడమే మంచిది. “సార్, చిన్న వయసు కదా, ఒకసారి క్యాన్సర్ ఆసుపత్రిలో కూడా అడిగి వస్తాం, కాగితాలు ఇప్పించండి” అంటే చాలు. క్యాన్సర్ వైద్యంలో ఇది రోజూ జరిగేదే. కోప్పడితే కోప్పడనివ్వండి, రిపోర్టులు అడిగి తీసుకునే హక్కు మీకుంది.

నాన్నగారి విషయంలో ఒక మాట. ఇంకో డాక్టర్ దగ్గరికి పోయేది “క్యాన్సర్ కాదు” అనిపించుకోవడానికి అని ఆయన అనుకుంటే, ఆ మాట దొరికేదాకా ఇంకోచోటికి, ఇంకోచోటికి తిప్పుతూనే ఉంటారు. చివరికి ఆకుమందు దగ్గర ఆగుతారు. నా పక్క మంచం ఆమె విషయంలో అట్లనే అయింది. ముక్క పరీక్షలో స్పష్టంగా క్యాన్సర్ అని వచ్చాక రెండోసారి చూసినా చాలావరకు అదే తేలుతుంది. ఎక్కువగా మారేది చికిత్స: ఏది ముందు, ఎంత తీయాలి, ఏ మందు. మీ చెల్లెకు ఇప్పుడు కావాల్సింది ఆ ప్రశ్నలకు జవాబు.

జవాబు (హైదరాబాద్‌లో పాథాలజీ ల్యాబ్‌లో పనిచేస్తాను, మాది మిర్యాలగూడ)

అక్కా, చాలామంది ఫైలు ఒక్కటే పట్టుకొని వస్తారు. ఫైలు చూస్తే కొత్త డాక్టర్‌కు పాత డాక్టర్ రాసిన మాటే తెలుస్తుంది. ముక్కను మళ్లీ చూడాలంటే గాజు స్లైడ్లు, మైనం దిమ్మెలు కావాలి. వాటిని బ్లాకులు అంటారు. ముక్క ఇచ్చిన ల్యాబ్‌లో రాతపూర్వకంగా అడిగి, సంతకం పెట్టి తీసుకోండి. బ్లాకు మీది నంబరు, రిపోర్టు మీది నంబరు ఒకటేనా అని అక్కడే చూసుకోండి. అవి లేక, మళ్లీ సూది గుచ్చించుకున్నవాళ్లు ఎంతమందో.

ఎండాకాలంలో బ్లాకులు బండి డిక్కీలో పెట్టొద్దు, మైనం మెత్తబడుతుంది. చేతి సంచిలోనే ఉంచుకోండి. మామోగ్రామ్, స్కానింగ్ ఫిల్ములు, సీడీ ఉంటే అవి కూడా తీసుకోండి. చిన్న వయసులో రొమ్ము కణజాలం చిక్కగా ఉండి మామోగ్రామ్‌లో గడ్డ సరిగా కనపడదు. అందుకే అల్ట్రాసౌండ్, అవసరమైతే ఎంఆర్‌ఐ అడుగుతారు.

ఒకటి చెప్పండి, రిపోర్టులో ఈఆర్, పీఆర్, హెర్2 అని (క్యాన్సర్ ఏ రకమో చెప్పే గుర్తులు) ఏమైనా ఉందా?

అడిగిన అక్క

లేదన్నా. ‘ఐహెచ్‌సీ అడ్వైజ్డ్’ అని మాత్రం ఉంది. ఆపరేషన్ అయ్యాక చేద్దాం అన్నారు. ఇంకో సందేహం కూడా ఉంది. చెల్లె ఇంకో బిడ్డ కావాలనుకుంటోంది. ఇట్లాంటప్పుడు అది అడిగితే బాగుండదేమో అని ఊరుకుంది. మా మేనత్త 40 దాటకముందే అండాశయం క్యాన్సర్‌తో పోయింది. నాన్న వైపు కాబట్టి దానికీ దీనికీ సంబంధం లేదంటున్నారు.

జవాబు (క్యాన్సర్ వార్డు నర్సు, జడ్చర్ల)

సంబంధం ఉండొచ్చమ్మా, తప్పకుండా చెప్పండి. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 అనే జన్యువుల్లో లోపం నాన్న వైపు నుంచి కూడా వస్తుంది. రొమ్ముకూ అండాశయానికీ రెండింటికీ అదే ముప్పు తెస్తుంది. 28 ఏళ్లకే వచ్చింది కాబట్టి చెల్లెకు ఆ రక్తపరీక్ష గురించి అడగాల్సిందే. లోపం ఉందని తేలితే ఆపరేషన్ నిర్ణయం మారొచ్చు, మీరూ పరీక్ష చేయించుకోవాల్సి వస్తుంది.

ఈఆర్, పీఆర్, హెర్2 మూడూ చూసే పరీక్షనే ఐహెచ్‌సీ అంటారు. అది లేకుండా ఆపరేషన్‌కు తొందరపడటమే నాకు నచ్చలేదు. హార్మోన్‌కు స్పందించే రకమా, హెర్2 రకమా, మూడూ లేని ట్రిపుల్ నెగెటివ్ రకమా అన్నది ఆ పరీక్షే చెప్తుంది. హెర్2 రకానికీ ట్రిపుల్ నెగెటివ్‌కూ, 2 సెంటీమీటర్లు దాటిన గడ్డ అయితే చాలాసార్లు కీమో ముందు ఇస్తారు. గడ్డ ఏ మేరకు కరిగిందో చూసి తర్వాతి మందు నిర్ణయిస్తారు. ముందే తీసేస్తే ఆ సంగతి తెలుసుకునే వీలుండదు. కీమోకు ముందు గడ్డ ఉన్నచోట చిన్న క్లిప్ పెట్టమని అడగండి, పూర్తిగా కరిగిపోతే ఎక్కడ కోయాలో దానివల్లే తెలుస్తుంది. హెర్2 దగ్గర 2+ అని వస్తే అది తేలనట్టు, అదే ముక్క మీద ఫిష్ అనే ఇంకో పరీక్ష చేయాలి.

రొమ్ము మొత్తం తీయాలా అన్నది కూడా అడగండి. గడ్డ వరకు తీసి కరెంటు (రేడియేషన్) పెట్టించుకున్నవాళ్లూ, మొత్తం తీయించుకున్నవాళ్లూ ఒకే తీరుగా బతుకుతున్నారని 20 ఏళ్లు వెంటపడి చూసిన పరిశోధనలు 2002లోనే తేల్చాయి. అందరికీ కుదరదు, చెల్లెకు కుదురుతుందా అన్నది సర్జన్ చూసి చెప్పాలి.

బిడ్డ సంగతి సిగ్గుపడే విషయం కాదు, అందులోనూ కీమో మొదటి డోసుకు ముందే అడగాలి. అండాలు గానీ పిండాలు గానీ దాచిపెట్టడానికి సుమారు రెండు వారాలు పడుతుంది, ఖర్చు కూడా ఉంటుంది. అది కుదరకపోతే కీమో జరిగినన్ని నెలలు అండాశయాలను నిద్రపుచ్చే గోసెరెలిన్ ఇంజెక్షన్ ఉంది. కీమో మొదలయ్యాక గుర్తొస్తే ఈ దారులు చాలావరకు మూసుకుపోతాయి. నెల తప్పలేదు కదా అని కూడా ఒకసారి పరీక్ష చేయించండి.

అడిగిన అక్క

ఇవేవీ మాకు ఎవరూ చెప్పలేదు. హైదరాబాద్‌లో ఎక్కడికి పోవాలి? ఆరోగ్యశ్రీ ఉంది.

జవాబు (మహబూబ్‌నగర్)

ప్రభుత్వానిదైతే రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి. నిమ్స్‌లో, బంజారాహిల్స్ బసవతారకంలో కూడా క్యాన్సర్ విభాగాలన్నీ ఒకేచోట ఉన్నాయి. ఎక్కడికి పోయినా సర్జన్ ఒక్కరి మాటతో తిరిగి రాకండి. కీమో డాక్టర్, రేడియేషన్ డాక్టర్ కూడా కలిసి చూసేలా కేసును ట్యూమర్ బోర్డులో పెట్టమని అడగండి. ముంబై పోలేనివాళ్లు టాటా మెమోరియల్ డాక్టర్ల అభిప్రాయం ‘నవ్య’ అనే ఆన్‌లైన్ సేవలో రిపోర్టులు పంపి తీసుకుంటున్నారు.

ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి 10 లక్షలు. ఎక్కడ చికిత్స అన్నది తేలేదాకా నల్గొండలో ఆపరేషన్ కాగితాల మీద సంతకం పెట్టకండి. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర కౌంటర్ ఉంటుంది, ఏ పరీక్షకు వర్తిస్తుంది, ఏది సొంత ఖర్చు అన్నది ముందే అడగండి.

జవాబు (పాథాలజీ ల్యాబ్, మిర్యాలగూడ)

మీ బస్సు ఎల్‌బీ నగర్ మీదుగానే వస్తుంది. అక్కడ దిగి మెట్రో ఎక్కి లక్డీకాపూల్‌లో దిగితే ఎంఎన్‌జే దగ్గరే. పొద్దున్నే చేరుకుంటే ఓపీ చీటీ, స్లైడ్లు ఇవ్వడం ఒకే రోజులో అవుతాయి. నాన్నగారిని కూడా వెంట తీసుకురండి, డాక్టర్ మాట ఆయన స్వయంగా వింటే మంచిది.

అడిగిన అక్క

రేపు ల్యాబ్‌కు పోయి బ్లాకులు అడుగుతున్నా. సోమవారం మొదటి బస్సుకు నాన్న, చెల్లె, నేను బయలుదేరుతున్నాం. ఐహెచ్‌సీ రిపోర్టు రాగానే ఇక్కడ పెడతాను, చూసి చెప్పండి.