టీ-120 క్యాసెట్‌లో మూడు గంటల రికార్డింగ్ ఎలా పడుతోంది?

అటకమీది వీసీఆర్:
మా నాన్నగారి వీసీఆర్ ఇంకా శుభ్రంగా పనిచేస్తోంది. సీలు విప్పని ఖాళీ క్యాసెట్లు కూడా దొరికాయి. కొన్నిటి మీద ఈ-180 అని, మిగతావాటి మీద టీ-120 అని ఉంది. 120 అంటే రెండు గంటలే కదా అని టీవీలో వచ్చే సినిమా పెడితే, సినిమా మొత్తం పట్టి, వెనకాలే వార్తలు కూడా ఎక్కాయి. పెట్టింది మామూలు వేగమైన ఎస్‌పీలోనే. ఇదెలా? టేపు మెల్లగా నడిచే ఎల్‌పీలో పెడితే ఇంకా రెట్టింపు పడుతుందట. అన్నీ అందులోనే కుక్కేయొచ్చా?

రీలు మాస్టారు:
మీది పాల్ (మన దేశపు టీవీ పద్ధతి) వీసీఆర్ అయ్యుంటుంది. ‘టీ’ అక్షరం పక్కన అంకె ఎన్‌టీఎస్‌సీ (అమెరికా, జపాన్‌ల టీవీ పద్ధతి) మిషన్ల నిమిషాలు, ‘ఈ’ అక్షరం పక్కన అంకె పాల్ మిషన్ల నిమిషాలు. ఎస్‌పీలో టేపు ఎన్‌టీఎస్‌సీకి సెకనుకు 33.35 మి.మీ. నడిస్తే, పాల్‌కి 23.39 మి.మీ. చాలు. టీ-120లో టేపు దాదాపు 246 మీటర్లు. భాగించి చూడండి, 175 నిమిషాలు వస్తుంది.

ఎల్‌పీ సంగతి వేరు. టేపు వేగం సగమవుతుంది, దాంతో బొమ్మ రాసే ట్రాక్ వెడల్పూ సగమవుతుంది. రికార్డు చేసిన వీసీఆర్‌లోనే చూస్తే ఫర్వాలేదు. అదే క్యాసెట్ ఇంకోదాంట్లో పెడితే ట్రాకింగ్ (హెడ్‌ని ట్రాక్ మీదికి సరిచేసే మీట) ఎంత సర్దినా తెల్ల చారలు వదలకపోవచ్చు. హై-ఫై (శబ్దాన్ని కూడా తిరిగే హెడ్లతో రాసే పద్ధతి) లేని మిషన్లయితే మాట కూడా దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టుంటుంది, ఎందుకంటే అక్కడ శబ్దం టేపు అంచున, టేపు నడిచే వేగంతోనే పడుతుంది. 2016లో జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా తయారీ ఆపేశాక కొత్త వీసీఆర్లు లేవు. మీది మొరాయిస్తే ఎవరిదో పాతది వెతుక్కోవాలి, అప్పుడు ఆ ఎల్‌పీ క్యాసెట్లతో టెన్షనే. దాచుకునేవి ఎస్‌పీలో పెట్టండి. చూసి చెరిపేసే సీరియల్‌కి ఎల్‌పీ చాలు.

అటకమీది వీసీఆర్:
లెక్క సరిపోయింది మాస్టారూ! ఒక పాత క్యాసెట్‌లో మాత్రం రికార్డ్ నొక్కగానే బయటికి తోసేస్తోంది. మిషన్ పాడైందా?

రీలు మాస్టారు:
క్యాసెట్ వెన్ను వైపు చూడండి, చిన్న ప్లాస్టిక్ ముక్క విరిచేసి ఉంటుంది. చెరగకూడదని ఎవరో కావాలనే విరిచారన్నమాట. ముందు అందులో ఏముందో చూడండి (పెళ్లి వీడియోలు ఇలాగే పోతాయి!). అక్కర్లేదనుకుంటే ఆ కన్నం మీద సెల్లోటేపు అంటించండి, రికార్డవుతుంది. విడిగా చెరపక్కర్లేదు, ఎరేజ్ హెడ్ ఆ పని చూసుకుంటుంది. కొత్త రికార్డింగ్ మొదట్లో కాసేపు ఇంద్రధనుస్సు రంగుల్లో చారలు కనిపిస్తే కంగారుపడకండి. ఆ హెడ్, బొమ్మ రాసే హెడ్లు తిరిగే డ్రమ్ముకి కాస్త ముందుగా ఉంటుంది కాబట్టి, ఆ మధ్యలో ఉన్న టేపు మీద పాతది పూర్తిగా పోదు.

రాత్రి షో:
టైమర్ పెట్టేవాళ్లకి ఒక మాట. సెట్-టాప్ బాక్స్ ఉంటే వీసీఆర్ టైమర్ ఒక్కటే చాలదు. వీసీఆర్‌ని ఏవీ ఇన్‌పుట్‌లో ఉంచి, బాక్స్‌ని ఆ ఛానల్ మీదే ఆన్‌లో వదిలేయాలి. బాక్స్ సెట్టింగ్స్‌లో 4:3 పెట్టడం మరవకండి, లేకపోతే పాత టీవీలో మనుషులందరూ బక్కచిక్కి పొడుగ్గా సాగిపోతారు.